పాత ఇటుక గోడకి ఫైబర్ మెష్ పూత: గాలివానకీ భూకంపానికీ తట్టుకునేలా ఎలా చేయించుకోవాలి

కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు, ఈ వరసలో ఏ ఊళ్లోకి వెళ్లినా యాభై ఏళ్ల కిందటి ఇళ్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. కాలమ్ ఉండదు, బెల్టు ఉండదు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, సున్నంతోనో మట్టి అడుసుతోనో కట్టినది, పైన మద్రాస్ టెర్రస్ మిద్దె, లేదంటే పెంకులు తీసేసి తర్వాత వేసిన రేకులు. ఈ గోడలు పైనుంచి బరువు ఎంతైనా మోస్తాయి, పక్కనుంచి తోస్తేనే తేలిపోతాయి. మన దగ్గర పక్కనుంచి తోసేవి రెండూ ఉన్నాయి. 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాన్ల సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. భూకంపం మనకెందుకు వస్తుందిలే అనుకునేవాళ్లకి 1967 మార్చి 27 గుర్తు చేయాలి, ఆ రోజు ఒంగోలు దగ్గర వచ్చింది 5.4 తీవ్రత. 2024 డిసెంబర్‌లో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా భూమి కంపిస్తే జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. భూకంపాలకి తట్టుకునేలా కట్టడాల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 1893, దాని 2016 నాటి మ్యాపు ప్రకారం నెల్లూరు, ఒంగోలు రెండూ మూడో జోన్‌లోనే, అంటే ఒక మోస్తరు ముప్పు ఉన్న ప్రాంతంలోనే ఉన్నాయి.

ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే స్తోమత లేనివాళ్లకీ, తాతల నాటి ఇంటిని పోగొట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకీ ఒక దారి ఉంది. గోడ రెండు ముఖాల మీదా గ్లాస్ ఫైబర్ (గాజు దారం) లేదా బసాల్ట్ ఫైబర్ (నల్లరాయి కరిగించి తీసిన దారం) మెష్‌ని, అంటే వలని, పలచటి మాలులో కూర్చి, రెండింటినీ గోడలోంచి కలిపి కట్టడం. పని చూడ్డానికి ప్లాస్టరింగ్ లాగే ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని ప్లాస్టరింగ్ లాగే చేసేసి డబ్బులు పోగొట్టుకుంటారు.

ముందు గోడ ఎలా పడుతుందో తెలుసుకోండి

కొంచెం లెక్క చెబుతాను, భయపడకండి. గాలి తాకిడి గురించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఒత్తిడి కావాలంటే వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చవేయాలి, చదరపు మీటరుకి 1500 న్యూటన్లు వస్తుంది, కిలోల్లో సుమారు 150. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడ మీద దాదాపు 1400 కిలోలు అడ్డంగా మోపినట్టు. ఎత్తునిబట్టి, చుట్టూ ఏమున్నదాన్నిబట్టి గుణకాలు మారతాయి, ఆ సంగతి ఇంజనీరు చూసుకుంటాడు. మనకి అర్థం కావలసింది ఆ తోపు ఎంత పెద్దదో. పైగా గాలి ఎదురు గోడని లోపలికి తోస్తూనే వెనక గోడని బయటికి పీలుస్తుంది.

భూకంపం లెక్క వేరు. అది గోడని బయటినుంచి తోయదు, గోడ సొంత బరువునే దాని మీదికి ఉసిగొల్పుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకి 430, 450 కిలోలు తూగుతుంది, ఇందాకటి పదడుగుల గోడే నాలుగు టన్నులు. బరువు ఎంత ఎక్కువైతే ఊపు అంత ఎక్కువ. కాబట్టి గాలికి బరువైన ఇల్లు మేలు, భూకంపానికి తేలికైన ఇల్లు మేలు. మన తీరంలో రెండూ కావాలి. ఫైబర్ మెష్ ఇక్కడే పనికొస్తుంది. 12 మిల్లీమీటర్ల పూత ఒక ముఖానికి చదరపు మీటరుకి పాతిక కిలోల్లోపే, పాత ప్లాస్టరింగ్ ఎలాగూ చెక్కేస్తాం కాబట్టి ఇంటి బరువు పెరిగేది దాదాపు ఏమీ ఉండదు. అదే నాలుగు అంగుళాల కాంక్రీటు జాకెట్ వేస్తే ఎంత బరువో, దానికి పునాది సరిపోతుందో లేదో మీరే ఆలోచించండి.

గోడ పడే తీరులు మూడు. గోడ మధ్యలో ఉబ్బి వెనక్కో ముందుకో కూలడం మొదటిది. కిటికీల మధ్య గోడ ముక్కలో ఇంటూ గుర్తులా ఏటవాలు పగుళ్లు రావడం రెండోది, ఇది భూకంపం సంతకం. మూడోది మూలల్లో రెండు గోడలు విడిపోవడం, నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం ఇదే, ఎందుకంటే మూల విడిపోయాక ఏ గోడకా గోడ ఒంటరిదైపోతుంది. మూత తీసిన అట్టపెట్టెని పక్కలు పట్టుకుని నొక్కి చూడండి, మూత పెట్టి నాలుగు మూలలా టేపు వేశాక మళ్లీ నొక్కి చూడండి. చేయబోయే పనంతా ఆ మూత, ఆ టేపు పనే. గోడల మధ్యలో మెష్ పరిచి మూలలూ పైకప్పూ వదిలేస్తే చేసిన ఖర్చులో సగం గోడలోనే పూడ్చేసినట్టు.

ఈ పని చేయించకూడని ఇళ్లు

నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో పగుళ్లు ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకుంటాయి. అది పునాది కదలిక, గోడ జబ్బు కాదు. దాని మీద మెష్ వేస్తే మెష్ కూడా చిరుగుతుంది. పగులు మీద చిన్న జిప్సం ముద్ద పెట్టి తేదీ రాసి వదిలేయండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా. ముద్ద పగిలితే ముందు పునాది సంగతి చూడాలి. పగులు పైన వెడల్పుగా, కిందికొచ్చే కొద్దీ సన్నగా ఉన్నా అనుమానం పునాది మీదే.

తూకం గుండు వేలాడదీస్తే గోడ బయటికి వాలినట్టు తేలినా, రాతి గోడ లోపలి పొర బయటి పొర విడిపోయి మధ్యలో బోలుగా ఉన్నా నేరుగా మెష్‌కి వెళ్లకూడదు. రాతి గోడకైతే ముందు అడ్డంగా కట్టు రాళ్లు గానీ, రంధ్రం వేసి కాంక్రీటు కట్లు గానీ పెట్టాలి. పూర్తి మట్టి గోడకి సిమెంటు మాలు అతుక్కోదు, కొన్నాళ్లకి పెచ్చుగా ఊడుతుంది. మట్టి గోడలకి టోక్యో విశ్వవిద్యాలయంలో కిమిరో మెగురో బృందం అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటుంది. పార్సిల్ పెట్టెలకి బిగించే ప్లాస్టిక్ పట్టీలనే వలలా అల్లి గోడకి రెండు వైపులా పరిచి, గోడలోంచి తీగలతో కలిపి కట్టి, పైన మట్టి పూత పూస్తారు. గోడ పగలకుండా అది ఆపలేదు గానీ పగిలిన గోడ మనుషుల మీద పడకుండా పట్టుకుంటుంది. దాని గురించి విడిగా రాయాలి.

కాగితం పని: ఇంజనీరు, డ్రాయింగు

స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చూపించకుండా మొదలు పెట్టకండి. బేల్దారి ఎంత అనుభవస్తుడైనా పూత బాగా పూస్తాడు గానీ ఎక్కడ ఎన్ని మెష్ పట్టీలు పడాలో చెప్పలేడు. ఇటుక, రాతి ఇళ్లని పరిశీలించి బలపరచడానికి మన దేశంలో ఐఎస్ 13935 ఉంది, అందులో ప్రధానంగా వెల్డ్ మెష్ (ఇనుప తీగలు అతికించిన వల) బెల్టుల పద్ధతి చెప్పారు. ఫైబర్ విషయానికి ఇంజనీర్లు అమెరికా వాళ్ల ఏసీఐ 440.7, 549.4 మార్గదర్శకాలు చూస్తారు. మీ ఇంజనీరు ఈ పేర్లు వినగానే బిక్కమొహం వేస్తే ఇంకొకరిని వెతుక్కోండి.

ఆయన రాకముందే మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎవరికీ కనపడని చోట జానెడు మేర పూత చెక్కి, సందులోని మాలుని స్క్రూడ్రైవర్‌తో గీరండి. ఇసుకలా రాలిపోతోందా, గట్టిగా గీత మాత్రమే పడుతోందా రాసిపెట్టుకోండి. గోడంతా సుత్తి పిడితో తడుతూ వెళ్లి డొల్ల మోత వచ్చిన చోటల్లా సుద్దతో చుట్టు గీయండి. పగుళ్లన్నీ ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఇంట్లో ఏ గోడ తర్వాత పొడిగించారో, ఏ తలుపు మూసి గోడ కట్టారో, వంటింటి కోసం ఎక్కడ గోడ కొట్టారో ఇంట్లో పెద్దవాళ్లకే తెలుస్తుంది. అలాంటి అతుకుల దగ్గర పాత గోడకీ కొత్త గోడకీ కట్టు పడి ఉండదు, అదే చోట విడిపోతుంది.

పైకప్పు, పిట్టగోడ ముందు

గాలికి ఇల్లు పోయే వరస దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ముందు తలుపో కిటికీయో బద్దలవుతుంది, గాలి లోపల దూరుతుంది, లోపలినుంచి తోపు, బయట రేకుల మీద పీల్పు కలిసి రేకుల్ని ఎత్తేస్తాయి, పైన పట్టు పోయిన గోడ ఆ తర్వాత కూలుతుంది. అందుకని మెష్ కొనడానికి ముందు కిటికీ గడియలూ రేకుల బోల్టులూ చూడండి. రేకుల అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర పీల్పు అన్నిటికంటే ఎక్కువ, అక్కడ జె బోల్టులు మిగతా చోట్ల కంటే దగ్గర దగ్గరగా పడాలి. దూలాలు గోడ మీద ఊరికే ఆనించి ఉంటే ఇనుప పట్టీతో గోడకి, కనీసం మూడడుగుల కిందిదాకా, బిగించాలి. మిద్దె అయితే దూలాల చివరలు చెదలు తిని ఉన్నాయేమో చూడండి.

పిట్టగోడలు, ఒంటరిగా నిలబడ్డ ప్రహరీ గోడలు, రేకుల ఇంటి త్రికోణపు పక్క గోడలు భూకంపంలో ముందు పడేవి. ఎత్తైన ఇటుక పిట్టగోడ ఉంటే కొంత తగ్గించి రెయిలింగ్ పెట్టుకోవడం మెష్ కంటే చవక, మెష్ కంటే మేలు కూడా.

చెమ్మ, చవుడు

తీరం దగ్గర ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఉన్న ఊళ్లలో మరీనూ, గోడ కింది రెండు మూడు అడుగులు తెల్లటి ఉప్పు పూసి పెచ్చులు రాలుతూ ఉంటుంది. ఆ ఉప్పు మీద ఏ పూతా నిలవదు. నీరు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవాలి, బాత్రూమ్ పైపు లీకా, గోడ పక్కనే నిలిచే వాననీరా, నేలలోంచి పైకి పాకుతోందా. అది ఆపాక పాడైన పూత చెక్కేసి, గోడని పొడి బ్రష్‌తో రుద్ది ఉప్పుని ఎత్తి బయట పారేయాలి, అక్కడే నేల మీద వదిలేస్తే మళ్లీ గోడలోకే పోతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఉప్పు మళ్లీ పైకొస్తే మళ్లీ రుద్దండి. తిన్నబడిన ఇటుకల్ని ఒకటొకటిగా తీసి కొత్తవి పెట్టించాలి. విసుగు పుట్టించే పనే, దీనికి నెల పట్టినా పట్టనివ్వండి.

మన వైపు ఈశాన్య రుతుపవనం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కురుస్తుంది. కాబట్టి సంక్రాంతి తర్వాత గోడ విప్పి ఆరబెట్టి, ఫిబ్రవరి, మార్చిల్లో పూత పని పెట్టుకుంటే అన్నివిధాలా బాగుంటుంది. ఏప్రిల్ దాటితే వడగాలికి పూత తడి ఆరిపోయి బీటలిస్తుంది.

ఏ మెష్ కొనాలి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. హార్డ్‌వేర్ షాపులో పుట్టీ పగుళ్లకి వేసే తెల్లటి సన్న మెష్ చుట్టలు దొరుకుతాయి, చదరపు మీటరుకి 45, 75 గ్రాములవి, మహా అయితే 145. అవి పూతలో వెంట్రుక పగుళ్లు రాకుండా ఆపడానికి. గోడని పట్టి నిలిపే బలం వాటికి లేదు. మీకు కావలసింది నిర్మాణ బలం కోసమే చేసిన మెష్, సాధారణంగా 200 గ్రాములు పైబడి ఉంటుంది, దానితో పాటు రెండు దిశల్లోనూ మీటరు వెడల్పుకి ఎన్ని కిలోన్యూటన్లు లాగితే తెగుతుందో రాసిన టెస్ట్ కాగితం ఇస్తారు. కాగితం లేని మెష్ ఎంత బరువున్నా కొనకండి.

మామూలు గాజు దారాన్ని సిమెంటులోని క్షారం తినేస్తుంది. కాబట్టి క్షారాన్ని తట్టుకునే ఏఆర్ గ్లాస్ అడగాలి, అందులో జిర్కోనియా కలిపి ఉంటుంది. బసాల్ట్ మెష్ కూడా మంచిదే, దానికీ పైన క్షారం తగలకుండా కోటింగ్ ఉండాలి. కంత వెడల్పు 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటే మాలు సులువుగా దూరుతుంది. కార్బన్ చాలా గట్టిది, చాలా ఖరీదు కూడా, ఇటుక గోడకి అంత గట్టిదనం వాడుకునే అవకాశమే రాదు, ఎందుకంటే కార్బన్ తెగేలోపు ఇటుక పైపొరే ఊడి వచ్చేస్తుంది. ఇంటి గోడలకి కార్బన్ వేద్దామని ఎవరైనా అంటే ఎందుకని అడగండి.

గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్ చవక, మేస్త్రీలకి అలవాటు, ఐఎస్ 13935లో ఉన్న పద్ధతి కూడా. దర్శి, పొదిలి వైపు లోపలి ఊళ్లకి అదే చాలునేమో మీ ఇంజనీరుని అడగండి. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు లాంటి చోట్ల మాత్రం పలచటి పూత కింద ఇనుము ఎన్నాళ్లో ఉండదు. గాజుకి తుప్పు లేదు, తీరంలో నేను దాని వైపే మొగ్గుతాను.

మాలు సంగతి. మెష్‌తో కలిపి కంపెనీ అమ్మే పాలిమర్ మాలు సంచులే వాడటం మంచిది, సన్న ఇసుక పడుతుంది కాబట్టి కంతల్లోకి దూరుతుంది. సైటులో ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక కలిపిన ముతక మాలు మెష్ వెనక్కి పోకుండా దాని మీదే నిలబడుతుంది. సున్నంతో కట్టిన పాత గోడకైతే సహజ హైడ్రాలిక్ సున్నపు (నీటితో కలిసి గట్టిపడే సున్నం) మాలు అడగండి, గట్టి సిమెంటు పూత మెత్తటి గోడ మీద ఎక్కువ కాలం కలిసి ఉండదు.

గోడని సిద్ధం చేయడం

పాత పూత మొత్తం ఇటుక కనిపించేదాకా చెక్కాలి. ఉలి, సుత్తితో నెమ్మదిగా, బ్రేకర్ మిషన్ పెడితే బలహీనమైన గోడ అదిరి సందులు వదులవుతాయి. కరెంటు వైర్లు ఎక్కడున్నాయో ముందే చూసి మెయిన్ ఆపేయండి. ఇటుకల మధ్య సందుల్ని 10, 15 మిల్లీమీటర్ల లోతు గీకి, వైర్ బ్రష్ కొట్టి, గాలితో ఊది దుమ్ము పోగొట్టాలి. దుమ్ము మీద పూసిన మాలు దుమ్ముకే అంటుకుంటుంది.

పగుళ్లలోకి కిందినుంచి పైకి గ్రౌట్, అంటే జారుగా కలిపిన మాలు, ఎక్కించాలి. పగులు పొడవునా అడుగుకో పైపు ముక్క పెట్టి మిగతా పగులుని మాలుతో మూసి, కింది పైపులో పోస్తే పై పైపులోంచి బయటికి వచ్చేదాకా. సున్నపు గోడకి సున్నపు గ్రౌటే. గోడలో గుంటలు, ఎగుడుదిగుళ్లు ఉంటే వాటిని ముందే సరిచేయాలి. మెష్ చదునుగా ఉన్నప్పుడే లాగుడు మోస్తుంది, గుంటలోకి వంగిన మెష్ లాగినప్పుడు నిటారు కావాలని చూసి పూతని బయటికి తన్నేస్తుంది. బయటి మూలల అంచుల్ని గ్రైండర్‌తో కొంచెం గుండ్రంగా చేయండి, పదునైన అంచు మీద గాజు దారం తెగుతుంది.

గోడలోంచి కట్లు

ఈ దశని మేస్త్రీలు ఎగ్గొట్టాలని చూస్తారు, చూడ్డానికి ఎవరికీ కనపడదు కాబట్టి. గోడకి అడ్డంగా రంధ్రాలు వేసి ఫైబర్ తాడు గానీ, ఫైబర్ కడ్డీ గానీ, స్టెయిన్‌లెస్ కడ్డీ గానీ దూర్చి రెండు వైపుల మెష్‌నీ కలపాలి. సాధారణంగా చదరపు మీటరుకి నాలుగైదు పడతాయి, మీ డ్రాయింగులో ఎంతుంటే అంతే. రంధ్రాలు సుత్తి దెబ్బ లేకుండా తిప్పి మాత్రమే వేయాలి, వేశాక ఊది దుమ్ము తీయాలి, తాడు పెట్టి గ్రౌట్ నింపాలి. తాడు చివర్లని మెష్ వేశాక దాని మీద విసనకర్రలా విప్పి మాలులో నొక్కుతారు.

కట్లు లేకుండా రెండు వైపులా మెష్ వేస్తే అవి రెండు వేరువేరు పూతలే. గోడ ఉబ్బినప్పుడు మెష్ పూతతో సహా చాపలా ఊడుతుంది. ఒక్క ముఖానికే మెష్ వేసినా చాలదా అని అందరూ అడుగుతారు, ఇంటి లోపల పని పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా. గోడ ఏ వైపు ఉబ్బితే ఆ వైపు ముఖంలోనే లాగుడు వస్తుంది, గాలి తోపు పీల్పుగా మారుతుంది, భూకంపం రెండు వైపులా ఊపుతుంది. ఒక వైపు వేస్తే సగం పరిస్థితులకే పనికొస్తుంది.

పూత వేసే రోజు

ముందురోజు సాయంత్రం గోడని బాగా తడపండి. పొద్దున మళ్లీ చల్లి, గోడ తడిగా ఉండి నీరు మాత్రం కారకుండా ఉన్నప్పుడు మొదలు పెట్టాలి. మెష్‌ని ముందే కొలిచి కత్తిరించి, చుట్టలుగా చుట్టి, ఏ ముక్క ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. మాలు పూశాక కత్తెర వెతుక్కుంటే పూత ఆరిపోతుంది.

మొదటి పొర 5, 6 మిల్లీమీటర్లు. అది మెత్తగా ఉండగానే మెష్‌ని పైనుంచి కిందికి పరుస్తూ, తాపీతో మధ్యలోంచి అంచులకి నొక్కుతూ పోవాలి. కంతల్లోంచి మాలు బయటికి ఉబికి రావాలి, రాకపోతే వెనక ఖాళీ ఉన్నట్టే. ఇద్దరు మెష్ పట్టుకుంటే ఒకరు నొక్కాలి, ఒక్కడు చేసే పని కాదిది. పక్క ముక్కతో కలిసే చోట కనీసం 200 మిల్లీమీటర్లు, కుదిరితే అడుగు, ఒకదాని మీద ఒకటి పడాలి. తర్వాత తాడు చివరలు విప్పి నొక్కి, మొదటి పొర గట్టిపడకముందే రెండో పొర ఇంకో 5, 6 మిల్లీమీటర్లు పూసేయాలి. మెష్ రెండు పొరల మధ్యలో ఉండాలి. కొందరు మెష్‌ని పొడి గోడకి మేకులతో బిగించి పైన పూత పూసేస్తారు, అలా చేస్తే మెష్ గోడకి ఆనుకుని ఉంటుంది గానీ మాలులో ఉండదు. కళ్లెదుట అలా చేస్తుంటే పని ఆపించండి.

ఒక గోడ ఒక పూటలో అయిపోయేలా చూసుకోండి. పడమటి గోడ పొద్దున, తూర్పు గోడ సాయంత్రం చేస్తే ఎండ దెబ్బ తగలదు.

మూలలు, కిటికీలు, పైనా కిందా

మెష్ మూల దగ్గర ఆగకూడదు, తిరిగి పక్క గోడ మీదికి రెండడుగులైనా పోవాలి. లోపలి గోడ బయటి గోడని కలిసే టీ ఆకారపు చోట్ల బయటినుంచి రంధ్రాలు వేసి ఫైబర్ తాళ్లని లోపలి గోడ రెండు ముఖాల మీదికీ తీసుకురావాలి, లేకపోతే బయటి గోడ విడిపోయి బయటికి పడిపోతుంది.

కిటికీ, తలుపు మూలల్లో పగులు ఏటవాలుగా మొదలవుతుంది. అందుకే అక్కడ ప్రతి మూలకీ ఒక అదనపు మెష్ ముక్క ఏటవాలుగా వేసి, తర్వాత మామూలు మెష్‌ని చట్రం లోపలికి మడవాలి. కిటికీ చట్రం తీసేసి చేస్తే ఇంకా మంచిది.

గోడ పైభాగంలో, పైకప్పుకి సరిగ్గా కింద, ఇల్లంతా చుట్టి వచ్చే పట్టీ ఉండాలి, ఎక్కడా తెగకుండా. లింటెల్ మట్టంలో, అంటే తలుపులు, కిటికీల పైన ఉండే దిమ్మె ఎత్తులో, ఇంకొకటి. డబ్బు తక్కువై అన్ని గోడలకీ పూర్తిగా మెష్ వేయలేకపోతే ఇంజనీరుని అడగండి, ఈ రెండు చుట్టు పట్టీలు, మూలల్లో నిలువు పట్టీలు, కిటికీల చుట్టూ పట్టీలు చాలేమో. చాలా ఒంటి అంతస్తు ఇళ్లకి అదే తెలివైన ఖర్చు. కింద మెష్ నేల మట్టంలో ఊరికే ఆగిపోకూడదు, ప్లింత్‌లోకి (పునాది పైన, నేల మట్టం దాకా ఉండే గోడ భాగం) రంధ్రాలు వేసి ఫైబర్ తాళ్లతో పట్టించాలి.

నీళ్లు పట్టడం, చూసుకోవడం

గోనె పట్టాలు కట్టి కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. ఎండాకాలం అయితే రోజుకి రెండుసార్లు నీళ్లు కొడితే చాలదు, గోనె పట్టా చేత్తో ముట్టుకుంటే ఎప్పుడూ తడి తగలాలి. కొళాయి నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లయితే ట్యాంకర్ నీళ్లు తెప్పించండి, ఇన్ని తిప్పలు పడి మళ్లీ ఉప్పే పట్టించడం ఎందుకు.

నెల తర్వాత గోడంతా సుత్తి పిడితో తట్టండి. డొల్ల మోత వచ్చిన చోటల్లా కోసి తీసి, చుట్టూ అడుగు మేర మెష్ కలిసేలా మళ్లీ వేయించాలి. పెద్ద పని అయితే పుల్ ఆఫ్ పరీక్ష చేయించండి, చిన్న ఇనుప బిళ్లని గోడకి అంటించి లాగుతారు. ఇటుకే చిరిగి వస్తే పూత బాగున్నట్టు, పూత ఇటుక నుంచి శుభ్రంగా విడివడి వస్తే గోడ కడగకుండా పూశారన్నమాట.

ఎపాక్సీతో అంటించే పద్ధతి గురించి

కార్బన్ లేదా గ్లాస్ గుడ్డని ఎపాక్సీ జిగురుతో అంటించేది ఇంకో పద్ధతి, వంతెనలకీ కాంక్రీటు కాలమ్‌లకీ మంచి పేరుంది. ఇటుక ఇళ్లకి, అందులోనూ మన తీరంలో, నేను దాన్ని సిఫార్సు చేయను. ఎపాక్సీ పొరలోంచి చెమ్మ బయటికి పోదు, గోడలోని తడి, ఉప్పు దాని వెనక చేరి ఊడగొడతాయి. మామూలు వేడిలో గట్టిపడే చాలా ఎపాక్సీలు 50, 60 డిగ్రీలు దాటితే మెత్తబడతాయి, మే నెలలో పడమటి గోడ ఎండకి ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మంట తగిలితే ఇంకా త్వరగా పోతుంది. లోపలి గోడల్లో, పొడిగా ఉండే చోట, జాగా లేక పలచటి పొరే కావాల్సి వస్తే ఆలోచించవచ్చు. అప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. జిగురు వేడికి త్వరగా గడ్డకడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలపాలి. కార్బన్‌లో కరెంటు పారుతుంది, దాని దుమ్ము స్విచ్ బోర్డుల్లోకి పోకుండా మూసిపెట్టాలి.

కొటేషన్ చదివేటప్పుడు

చదరపు అడుగుకి ఇంత అని ఒక్క అంకె రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. ఒక ముఖానికా రెండు ముఖాలకా, పాత పూత చెక్కడం, చెత్త ఎత్తడం కలిపేనా, మెష్ పేరు, బరువు, తెగే బలం, చదరపు మీటరుకి ఎన్ని కట్లు, గ్రౌటింగ్ విడిగానా, పరంజా ఎవరిది, ఇవన్నీ వేరువేరు వరసల్లో రాయించుకోండి. రెండు కొటేషన్ల మధ్య పెద్ద తేడా ఉంటే తక్కువది కట్ల వరసలో సున్నా చూపిస్తోందేమో చూడండి, చాలాసార్లు అదే ఉంటుంది. మెష్ వేశాక, రెండో పొర పూసే ముందు ప్రతి గోడకీ ఫొటో తీసి పెట్టుకుంటామని కూడా అందులోనే రాయించండి.

ఆ ఫొటోల మీద కట్లు ఎక్కడున్నాయో కొలతలు రాసి ఇంట్లో భద్రంగా ఉంచండి. రేపు ఏసీ పైపు కోసమో, ఇంకో కిటికీ కోసమో గోడ కోయాల్సి వస్తే ముందు అవి చూసి పట్టీలు లేని చోట కోయించండి, పట్టీ తెగక తప్పకపోతే కోసిన అంచు చుట్టూ మెష్ మళ్లీ వేయించాకే కిటికీ బిగించుకోండి.